బావ రక్తం

మా బావని ఏమైనా అనదలుచుకున్నవాళ్ళు ముందు నాతో మాట్లాడండి. నేను బట్టలు కుట్టుకునేదాన్ని. నా నోరు మంచిది కాదని వీధివీధంతా ఎరుగును. మా అక్కయితే రోజుకోసారి గుర్తు చేస్తుంది కూడా. అయినా సరే, ఈ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలంటే నోరున్నవాళ్ళే చెప్పాలి. ఆయనకి నోట్లో నాలుక లేదు.

బావ అంటే మా అక్క మొగుడు. సెలూన్ నడిపేవాడు. నడిపేవాడు అంటున్నాను చూడండి, ఇప్పుడు లేదు. మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరగ్గానే రెండు షట్టర్ గదులు, ఒకటి నాది, ఒకటి ఆయనది, మధ్యలో చెక్క అడ్డు. ఇటు నా మిషను చప్పుడు, అటు ఆయన కత్తెర చప్పుడు. గిరాకీ లేనప్పుడు చెక్క మీద వేలితో టకటకా కొట్టి, "ఏమే, టీ పెడతావా?" అనేవాడు. ఆయనకి ఉన్నది ఒకటే కుర్చీ. దాని సీటు చిరిగితే రెండుసార్లు నేనే కుట్టిచ్చాను. ఎదురుగా పెద్ద అద్దం, దాని కింద అరలో కత్తులు, కుంచె, పటిక ముక్క. గడ్డం గీసేటప్పుడు ఎవరికైనా చర్మం తెగితే ఆ పటికని నీళ్ళలో ముంచి వెంటనే అద్దేవాడు. మనిషి మనిషికీ బ్లేడు మార్చేవాడు, పాతది వాళ్ళ కళ్ళముందే విరిచి డబ్బాలో పడేసేవాడు. అద్దం అంచున రెండు కార్డులు దోపి ఉండేవి. ఒకటి ఆయన రక్తం గ్రూపు రాసిన కార్డు. రెండోది, చచ్చాక కళ్ళు ఇస్తానని సంతకం పెట్టిన కార్డు.

ఆయనది ఓ నెగటివ్. ఆ రక్తం ఎవరికైనా సరిపోతుంది, కావాలంటే మాత్రం దొరకదు. అందుకని ఆయన ఫోన్ నంబరు లేని ఫోను మా వీధిలో లేదు. "నెగటివ్ అన్నా" అని పిలిచేవాళ్ళు. ఎవరికి ఆపరేషనైనా, ఎవరు బండి మీంచి పడ్డా, ముందు ఆయనకే ఫోను. కుర్చీలో మనిషి మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని కూర్చుని ఉండగానే, "ఒక్క గంట, వచ్చేస్తా" అని వెళ్ళిపోయేవాడు. ఆ గంట సేపూ ఆ సగం క్రాపు మనిషికి నేను కబుర్లు చెప్పాలి. తిరిగొచ్చాక ఎన్ని తిట్టినా వినేవాడు కాదు. "పోనీలేవే, ఊరికే ఊరేదే కదా" అనేవాడు.

ఆయనకి చదువు లేదు, ఆస్తి లేదు, అందగాడూ కాదు. అడిగితే లేదనడు అన్న పేరొకటుంది. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాడు పిచ్చిమాలోకం. పైకి చెప్పేవాడు కాదు గానీ, ఎవరైనా "అన్నా, ఆవేళ నువ్వు రాకపోతే మా నాన్న దక్కేవాడు కాదు" అంటే, చెవులు ఎర్రబడేవి. గిరాకీ కూడా ఆ పేరుతోనే వచ్చేది. ఆయన క్రాపు ఏమంత గొప్పది కాదు, నిజం చెప్పుకోవాలి.

నాదీ అదే గ్రూపు. నా కూతురు పుట్టినప్పుడు నాకు రక్తం పోవడం ఆగలేదు. మా ఆయన తెల్లమొహం వేసుకుని వరండాలో నిలబడితే, బావే పరుగెత్తుకొచ్చి రక్తం ఇచ్చాడు. ఆ సీసాయే నాకు ఎక్కించారు. ఆ తర్వాత అక్కతో ఎప్పుడు పోట్లాట వచ్చినా నాదొకటే మాట: "నువ్వు ఆయనకి తాళి వరసే, నేను రక్తసంబంధం. నీకంటే నేనే దగ్గర చుట్టాన్ని!" అక్క గరిటె ఎత్తేది. బావ నవ్వేవాడు.

ఆ నవ్వు పోయిన రోజు చెప్తాను.

పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఫోన్ చేసి రమ్మన్నారు. మళ్ళీ ఎవరికో కావాలేమో అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి షట్టర్ ఎత్తిన చప్పుడు వినబడింది. తర్వాత చెక్క మీద నెమ్మదిగా ఒక్క దెబ్బ. "ఒకసారి ఇటు రా" అన్నాడు.

వెళ్ళేసరికి కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ కుర్చీలో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడి మేడమ్ గది తలుపు వేసి మర్యాదగానే చెప్పిందట. వాళ్ళకి కొత్త మిషను వచ్చింది. పాత పరీక్షలో ఇన్నాళ్ళూ ఏమీ తేలలేదు గానీ, కొత్తదాంట్లో ఈయన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ పట్టుబడింది. చాలా కొంచెం ఉందట. ఎంత కొంచెమంటే మామూలు పరీక్షకి అందదట. కానీ సీసాడు రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే, ఆ కొంచెమూ చాలట వాళ్ళ లివర్ పాడు చేయడానికి.

"ఎక్కడ తగులుకుంది బావా?"

"తెలీదన్నారు. పుట్టినప్పుడే మా అమ్మనుంచి వచ్చి ఉండొచ్చట. ఎప్పుడో పని నేర్చుకునేటప్పుడు ఏ బ్లేడో తెగి వచ్చి ఉండొచ్చట. ఇంక జన్మలో రక్తం ఇవ్వొద్దన్నారు." లేచి అద్దం అంచున ఉన్న రెండో కార్డు లాగాడు. "ఇదీ చెల్లదన్నారే. కళ్ళూ వద్దట. చచ్చాక కూడా పనికిరానట నేను."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తిడతాను, అదొక జబ్బు. ఆ మిషన్ని తిట్టాను, ఆ మేడమ్‌ని తిట్టాను, చచ్చిపోయిన వాళ్ళమ్మని కూడా వదల్లేదు. ఆయన వింటూ కూర్చుని, చివరికి అన్నాడు. "నువ్వు కూడా పరీక్ష చేయించుకోవాలి. నా రక్తం ఎక్కినవాళ్ళందరినీ పిలుస్తారట."

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను. చూద్దాంలే" అన్నాను.

అక్క రెండు రోజులు ఆయన మొహం చూడలేదు. ఎక్కడెక్కడ తిరిగి తెచ్చుకున్నావో అంది. అది మామూలే, ఏ పెళ్ళామైనా ముందు అదే అంటుంది. తర్వాత తనకీ పిల్లలకీ పరీక్షలు చేసి ఏమీ లేదని చెప్పి, టీకాలు వేశారు. డాక్టరే కూర్చోబెట్టి చెప్పాడు: పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు, ఎంగిలి గ్లాసుతో రాదు, రక్తం రక్తం కలిస్తే వస్తుంది, టీకా లేకపోతే మొగుడూ పెళ్ళాల మధ్య వస్తుంది, అంతే. అప్పటికి అక్క చల్లబడింది. ముగ్గురం కలిసి ఒక మాట అనుకున్నాం, ఇది గుమ్మం దాటకూడదని. బ్లేడ్లు పట్టుకుని బతికే మనిషికి ఇలాంటి మాట బయటికొస్తే ఇంకేముంది? షట్టర్ దించుకోవడమే. ఎవరైనా రక్తం అడిగితే "ఒంట్లో బాగాలేదు, డాక్టరు వద్దన్నాడు" అని చెప్పమన్నాం. చెప్పేవాడు, నీళ్ళు నములుతూ. వాళ్ళు పోయాక ఏదో దొంగతనం చేసినవాడిలా కూర్చునేవాడు.

ఒక ఆదివారం. సెలూన్ నిండా జనం. కుర్చీలో హార్డ్‌వేర్ షాపు పెద్దాయన, మొహమంతా నురుగు, ఒక చెంప గీయడం అయింది. అప్పుడొచ్చాడు కేబుల్ అతను, మా వీధిలో ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చేవాడు, వెనకే వాళ్ళమ్మ. అతని పెళ్ళాం నెలలు నిండి బస్టాండు వెనక ఉన్న చిన్న ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ చేయాలి, ఓ నెగటివ్ రక్తం చేతిలో ఉంటే గానీ కత్తి పెట్టమన్నారట.

"అన్నా, పద. బండి బయటే ఉంది."

"నావల్ల కాదు తమ్ముడూ. పెద్దాసుపత్రిలో అడుగు, వాళ్ళ దగ్గర ఉంటుంది, నేనూ ఫోన్ చేస్తా."

"అక్కడ ఎప్పటికిస్తారో, ఏమో! నువ్వుండగా నేనెక్కడికో పోవడమేంటన్నా?"

నేను మిషను ఆపి అడ్డు దగ్గరికొచ్చి వింటున్నాను. బావ అతని భుజం మీద చెయ్యేసి వెనకాల నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ చిన్న గొంతుతో చెప్పిందంతా చెక్క సందులోంచి నాకు వినబడింది. నా రక్తంలో తేడా ఉందని తేలింది, ఎక్కించకూడదు, ఎవరితోనూ అనకు, నీ చేతుల్లో పెడుతున్నాను అన్నాడు.

దానికి ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "ఓస్, అంతేనా! వాళ్ళూ పరీక్ష చేస్తారు కదన్నా. బాగుంటే ఎక్కిస్తారు, బాగాలేకపోతే పారేస్తారు. నీదేం పోయింది? పద."

అందరూ చేసే తప్పే అది. పరీక్ష అనేదొకటుంటే దేవుడే వచ్చి చూస్తాడనుకుంటారు. "వాళ్ళ పరీక్షకి ఇది అందదు" అన్నాడు బావ. "వాళ్ళకి బాగానే కనబడుతుంది. బాగుందనుకునే మీ ఆవిడకి ఎక్కిస్తారు. అర్థం చేసుకో."

ఒక్క నిమిషం ఆలోచించండి. ఆయన మాట్లాడకుండా బండెక్కితే చాలు. ఆ చిన్న ఆసుపత్రిలో ఎవరూ పట్టుకోలేరు. పేరు నిలబడేది, సెలూన్ నిలబడేది. నెగటివ్ అన్న మళ్ళీ వచ్చాడు, ప్రాణం పోశాడు అని వీధంతా చెప్పుకునేది. ఆ అమ్మాయికి జబ్బు ఎప్పుడో ఏళ్ళ తర్వాత బయటపడేది, అప్పుడు ఈయన్నెవరు అడుగుతారు? ఇదంతా ఆయనకీ తోచే ఉంటుంది. మా బావ అమాయకుడే గానీ తెలివితక్కువవాడు కాదు.

కేబుల్ అతను విసురుగా ముందుకొచ్చాడు. "చూడండి, రమ్మంటే వచ్చే మనిషి, నా పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి సాకులు చెప్తున్నాడు" అన్నాడు అందరూ వినేలా. వాళ్ళమ్మ బావ రెండు ముంజేతులూ పట్టుకుని ఏడుపు లంకించుకుంది. నీకేం పాపం చేశాం నాయనా, మా కోడలు మనిషి కాదా అని. కుర్చీలో పెద్దాయన నురుగు మొహంతోనే తిరిగి, "వెళ్ళవయ్యా, నేను ఆగుతాలే, పెద్ద పోజు కొడతావేంటి" అన్నాడు. తలా ఒక మాట. ఆమె లాగుతోంది, వెనకనుంచి ఇంకెవరో నెడుతున్నారు. ఆయన గుమ్మం దాకా వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఇటునుంచి బయటికి ఉరికాను, "వదలండి ఆయన్ని!" అని అరుస్తూ.

అప్పుడు అన్నాడు బావ. గట్టిగా అన్నాడు. ఆయన గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి, అదే ఆఖరు.

"నాకు హెపటైటిస్ బి ఉంది! నా రక్తం ఎక్కిస్తే మీ కోడలికి కూడా వస్తుంది! అందుకే రానంటున్నా!"

చేతిలో కత్తి అలాగే ఉంది.

ఎవరి మొహాన్నా నెత్తురు చుక్క లేదు. ఆ పెద్దామె ఆయన చేతులు వదిలేసి తన చేతులు చీరకి తుడుచుకుంది. హార్డ్‌వేర్ పెద్దాయన మెడలో గుడ్డ లాగేసి, దాంతోనే మొహం తుడుచుకుని, ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా, అలాగే వీధిలోకి వెళ్ళిపోయాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. "మనిషి మనిషికీ బ్లేడు మారుస్తాను కదా" అన్నాడు బావ. ఎవరితో అన్నాడో. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఆ అమ్మాయికి పెద్దాసుపత్రి నుంచి రక్తం వచ్చింది. బావ ఫోన్ చేస్తేనే వచ్చింది, ఆ మేడమ్ వెంటనే పంపించింది. కొడుకు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ సంగతి మాకు టీ కొట్టువాడు చెప్పాడు. కేబుల్ అతను చెప్పలేదు. అతను మాత్రం ఇంటింటికీ కనెక్షను ఇచ్చినట్టే ఈ వార్త కూడా ఇచ్చి వచ్చాడు. "నెగటివ్ అన్న పాజిటివ్ అయ్యాడు" అని కుళ్ళు జోకు వేసింది కూడా అతనేనని విన్నాను. వినగానే వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి కడిగిపారేశాను. ఏం లాభం? నా గొంతు పోయింది, అంతే.

తర్వాత సంగతి మీరే ఊహించుకోండి. ఆ రోజుదాకా "అన్నా అన్నా" అన్నవాళ్ళు అవతలి పక్క నుంచి నడిచేవాళ్ళు. ఎప్పుడో ఈయన రక్తంతో బతికి బట్టకట్టినవాళ్ళు వచ్చి, మాకేమైనా అయితే నీదే పూచీ అని పోయారు. అందులో ఒక్కడు, ఒకే ఒక్కడు, పరీక్షలో ఏమీ లేదని తేలాక వచ్చి చెప్పి వెళ్ళాడు, వాడు చల్లగా ఉండాలి. సెలూన్‌లో ఈగలు కూడా రాలేదు. రోజూ ఉదయం అద్దం తుడిచి, కత్తులు మరిగించి, కుర్చీ పక్కన నిలబడేవాడు. కొన్నాళ్ళకి గది యజమాని వచ్చి, మావాడికి కావాలి ఖాళీ చెయ్యమన్నాడు. మావాడూ లేదు మట్టీ లేదు, ఆ గదికి ఇప్పటికీ తాళమే. కుర్చీ వేరే పేటవాళ్ళెవరో తీసుకుపోయారు. నేను కుట్టిన సీటు వైపే చూస్తూ నిలబడ్డాడు బావ, బండి మలుపు తిరిగేదాకా. ఇప్పుడు ఒక గోడౌన్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నాడు. లారీ వస్తే గేటు తీస్తాడు, పోతే వేస్తాడు. సెలూన్‌లోంచి ఆయన తెచ్చుకున్నది ఆ పటిక ముక్క ఒక్కటే. దాన్ని నా మిషను సొరుగులో పెట్టాడు, ఇంట్లో పెడితే అక్క పారేస్తుందని.

పరీక్షకి నేను చివరికి వెళ్ళాను. బావ పోరు పడలేక వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను.

ఉంది.

ఆ మేడమే చెప్పింది, గది తలుపు వేసి. ఆయనదాంట్లో కొంచెమే ఉందట, నాదాంట్లో బాగానే ఉందట. లివర్ అప్పుడే కొంత దెబ్బతింది, రోజూ మాత్ర వేసుకోవాలి, ఎప్పటిదాకానో చెప్పలేమంది. "ఆయన రక్తం వల్లేనా?" అని అడిగాను. "అయి ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేం" అంది. ఖాయంగా ఆవిడ చెప్పక్కర్లేదు. నాకు ఇంకే ఆపరేషనూ కాలేదు, ఇంకెవరి రక్తమూ ఎక్కలేదు. మా ఆయన్నీ నా కూతుర్నీ చూశారు, వాళ్ళకేం లేదు, అదొక్కటి అదృష్టం. మా ఆయనకి తెలుసు. ఆయన నోరు కుట్టేశాను, ఆ పని నాకు బాగా వచ్చు.

ఆ సాయంత్రం నేనొచ్చేసరికి బావ నా షట్టర్ ముందు నిలబడి ఉన్నాడు. గోడౌన్ నుంచి డ్యూటీ మధ్యలో వచ్చేశాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమన్నారే?"

దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. ఆ మొహం చూశాక ఇంక ఒకటే మాట వచ్చింది. "ఏమంటారు? నోరు తప్ప ఈ ఒంట్లో ఇంకే జబ్బూ లేదన్నారు."

నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. నవ్వుతూనే అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. "చాలే, ఇంక నాకేం అక్కర్లేదు. పోయిందంతా పోనీ. నీకేమైనా అయ్యుంటే నేను బతికి లాభం లేదనుకున్నా" అన్నాడు. చెప్పండి, ఆ మాట అన్న మనిషికి తర్వాతైనా నిజం ఎలా చెప్తారు?

మాత్రలు గుండీల డబ్బాలో అడుగున పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి టీకి వస్తాడు. మిషను పక్కన స్టూలు మీద కూర్చుంటాడు, నేను సూదిలో దారం ఎక్కించలేకపోతే ఎక్కించి పెడతాడు. ఏదో నాలుగు కబుర్లు చెప్పుకుంటాం. వీధి మొత్తంలో ఆయన అడుగుపెట్టే చోటు నా షట్టర్ ఒక్కటే. ఆయన ముట్టిన గ్లాసు నేను ముట్టుకుంటాను, ఎవరు చూస్తున్నా సరే, చూడాలనే ముట్టుకుంటాను.

మొన్న కాలరు కుడుతుంటే మిషను సూది వేల్లోకి దిగింది. గోటి పక్కనుంచి రక్తం బొటబొటా కారింది. బావ ఒక్క ఉదుటున లేచాడు. సొరుగు లాగి పటిక తీసి, గ్లాసులో నీళ్ళలో ముంచి, నా వేలు పట్టుకోబోయాడు. ఎంతమందికి అద్దాడో అలా.

"ముట్టుకోకు!" అని అరిచి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

నా రక్తం ఎవరికీ తగలకూడదని మేడమ్ చెప్పిన దగ్గర్నుంచీ నాకు అదే భయం. కూతురు దగ్గరికొచ్చినా అంతే, ముందు చెయ్యి వెనక్కి పోతుంది. ఆలోచించి చేసింది కాదు. ఆయనకి ఉన్నదే నాకూ ఉందని, ఆయనకి నావల్ల కొత్తగా వచ్చేదేం లేదని ఆ క్షణాన తట్టనే లేదు.

ఆయన పటిక పట్టుకుని అలాగే ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ ఆదివారం పెద్దామె చేతులు తుడుచుకున్నప్పుడు చూసిన చూపు.

"మంచిదే" అన్నాడు మెల్లగా. "నీకేం లేదు కదా. జాగ్రత్తగా ఉండడమే మంచిది."

పటిక తుడిచి సొరుగులో పెట్టి, స్టూలు గుమ్మం వైపు జరుపుకున్నాడు. నేను వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ తల వంచుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరి నోరైనా మూయించగలిగినదాన్ని. ఆ ఒక్క మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాను. చెప్తే నా రోగం ఆయన నెత్తిన పడుతుంది, ఆ రోజుతో ఆయన అయిపోతాడు. చెప్పకపోతే నేనూ వాళ్ళలో ఒకదాన్నే. 

మర్నాడు సాయంత్రం వస్తాడో రాడోనని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. వచ్చాడు. చేతిలో చిన్న గుడ్డసంచి. అందులోంచి ఇంటి గ్లాసు తీసి, నా బల్ల మీద పెట్టకుండా చేత్తోనే పట్టుకున్నాడు.

"ఇందులో పొయ్యవే" అన్నాడు.

పోశాను.